డెబ్బై నిండిన కోచ్ గారి ఊరు

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో చూడడానికి ఏముందని అడిగితే మా అల్లుడు నవ్వి ఊరుకున్నాడు. ఓవర్లాండ్ పార్కు అనే ఊళ్ళో అమ్మాయి ఇల్లు బాగుంటుంది. వెనక పచ్చగడ్డి ఉంటుంది, దాన్ని కత్తిరించే యంత్రం రొద ఉంటుంది, వీధిలో మనిషి మాత్రం కనిపించడు. శనివారం గుడి, ఆదివారం ఎవరో ఒకరి పిల్లల పుట్టినరోజు. కాన్సాస్ సిటీ ఫౌంటెన్లూ మ్యూజియమూ చూశాను. బాగానే ఉన్నాయి, అంతకంటే చెప్పడానికేమీ లేదు. లారెన్స్ వెళ్తానంటే మాత్రం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అక్కడ యూనివర్సిటీ, బాస్కెట్‌బాల్ తప్ప ఏమీ లేదమ్మా" అంది అమ్మాయి. అందుకే వెళ్తానన్నాను.

మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మా ఊళ్ళో అందరూ కబడ్డీ, బాల్ బ్యాడ్మింటన్ ఆడుతున్న రోజుల్లో ఆయన కమ్మరి చేత రెండు ఇనుప రింగులు చేయించి, పాత దూలాలకు బిగించి, మాచేత బాస్కెట్‌బాల్ ఆడించారు. అసలు సిసలు బంతి ఏడాదికొకటి వచ్చేది. అది పోతే ఫుట్‌బాల్‌తోనే కానిచ్చేవాళ్ళం. ఆ ఆట పుట్టించిన పెద్దమనిషి నలభై ఏళ్ళు బతికిన ఊరు అమ్మాయి ఇంటికి గంట దూరంలో ఉండగా చూడకుండా వెళ్ళడమేమిటి?

కారు లేనివాళ్ళకు ఈ దేశంలో బస్సు దొరకడం మన దగ్గర రిజర్వేషన్ లేకుండా సంక్రాంతికి రైలెక్కడం లాంటిది. అయినా ఒకటుంది. జాన్సన్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ దగ్గర బయల్దేరి కె-10 రహదారి మీదుగా లారెన్స్ వెళ్తుంది. ఎక్కినవాళ్ళంతా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న విద్యార్థులు. కిటికీలోంచి ఒలేతా పేరున్న బోర్డు కనిపించగానే గుండెలో కలుక్కుమంది. 2017 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరును "నా దేశం నుంచి పో" అంటూ కాల్చి చంపింది ఆ ఊళ్ళోనే. ఆ సాయంత్రం ఆ బారులో జనం టీవీలో చూస్తున్నది కాన్సాస్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటేనని అప్పట్లో చదివాను. ఆ మాట అమ్మాయి దగ్గర ఎత్తలేదు. డిసోటో దాటాక పానసోనిక్ వారి కొత్త బ్యాటరీ ఫ్యాక్టరీ ఊరంత కనిపించింది. తర్వాత మళ్ళీ పొలాలే.

కాన్సాస్ అంతా బల్లపరుపు నేల అని చెప్పినవాళ్ళెవరో లారెన్స్ రాలేదు. యూనివర్సిటీ ఉన్నది మౌంట్ ఓరియడ్ అనే దిబ్బ మీద. నా మోకాళ్ళకు మాత్రం అది తిరుమల మెట్ల దారికి తీసిపోలేదు. దిగువన నైస్మిత్ డ్రైవ్ అనే రోడ్డు, దాని పక్కన సున్నపురాయితో కట్టిన పెద్ద గోదాములాంటి భవనం, అలెన్ ఫీల్డ్‌హౌస్. యూనివర్సిటీ జట్టు బాస్కెట్‌బాల్ ఆడేది అందులోనే. దానికి ఆనుకుని 2016లో తెరిచిన డిబ్రూస్ సెంటర్. ముందు అందులోకి వెళ్ళాను. టికెట్ లేదు. ఆ మిగిలిన డబ్బంతా అక్కడి కాఫీ, శాండ్‌విచ్‌లకు పోయింది. ఆ బిల్లును రూపాయల్లోకి మార్చి చూసుకోవడం నా చెడ్డ అలవాటు. మార్చాక రొట్టె గొంతు దిగలేదు.

అక్కడ అద్దాల వెనక రెండు కాగితాలున్నాయి. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ టైపు చేయించి గోడకు అంటించిన బాస్కెట్‌బాల్ 13 నిబంధనలు. ఈ యూనివర్సిటీలో చదివిన డేవిడ్ బూత్ అనే ధనవంతుడు 2010లో వేలంలో 43 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నాడు. రెండు కాగితాలు! సరే, ఎవరి సరదా వాళ్ళది. కళ్ళజోడు సర్దుకుని ఒకటికి రెండుసార్లు చదివాను. బంతి పట్టుకుని పరుగెత్తకూడదు. భుజంతో నెట్టకూడదు. తప్పులు లెక్కపెట్టడానికి అంపైర్, బంతి ఎవరిదో తేల్చడానికి రెఫరీ. సమంగా ముగిస్తే ఇద్దరు కెప్టెన్లూ ఒప్పుకుంటే ఇంకో గోలు పడేదాకా ఆడొచ్చు. అంపైర్ ఉన్నాడు, రెఫరీ ఉన్నాడు, కెప్టెన్లు ఉన్నారు. పదమూడింట్లో ఎక్కడా కోచ్ లేడు.

నైస్మిత్ కెనడావాడు. దైవశాస్త్రం చదివి, వైద్యం చదివి, 1898లో ప్రార్థనలూ వ్యాయామమూ చూసుకోవడానికి లారెన్స్ వచ్చాడు. తానే పుట్టించిన ఆటలో ఇక్కడి జట్టును 1907 దాకా నడిపి 55 గెలిచి 60 ఓడాడు. కాన్సాస్ కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నది ఆయనొక్కడికే. ఆయనకు ఆ బెంగ ఉన్నట్టు తోచదు. దేహానికి కసరత్తు, మనసుకు శిక్షణ ఉంటే చాలు, గెలుపేముంది అనుకున్న మనిషి. ఆయన దగ్గర ఆడిన ఫారెస్ట్ అలెన్ అనే కుర్రాడు బేకర్ కాలేజీ జట్టుకు కోచింగ్ ఇవ్వడానికి వెళ్తానంటే, ఈ ఆటకు కోచింగేమిటయ్యా, ఆడడమే కదా అన్నాడని లారెన్స్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. గురువుగారి మాట శిష్యుడు వినలేదు. వినకపోవడం వల్లనే ఈ భవనం వచ్చింది.

అలెన్ గొంతు ఓడరేవు బూరలా, అంటే ఫాగ్‌హార్న్‌లా మోగేదట. బేస్‌బాల్ అంపైరుగా అరిచిన అరుపులకు ఫాగ్ అన్న పేరొచ్చి అదే స్థిరపడింది. ఆయన బొమ్మ బయట నిలబెట్టారు, చేతిలో బంతితో. పక్కనున్న మ్యూజియంలో ఆయన గురించి చదువుతూ ఉంటే రెండు గంటలు గడిచిపోయాయి. 1907లో గురువు దిగిపోగానే జట్టును అందుకున్నాడు. ఒకేసారి రెండేసి కాలేజీలకు కోచ్‌గా తిరిగిన రోజులున్నాయి. అందులో ఒకటి ఇదే ఊళ్ళోని హాస్కెల్, ఆదివాసీ పిల్లలను ఇళ్ళ నుంచి తెచ్చి చదివించిన బడి. 1909లో ఆట వదిలి ఆస్టియోపతీ చదువుకున్నాడు. ఎముకలూ కండరాలూ సరిచేసే వైద్యం అది. 1912లో మిస్సోరిలోని వారెన్స్‌బర్గ్ కాలేజీకి చేరాడు. 1919లో మళ్ళీ కాన్సాస్ వచ్చి 1956 దాకా కదల్లేదు. కాన్సాస్‌లోనే 590 గెలుపులు, అన్నిచోట్లా కలిపి 746. 1927లో దేశంలోని కోచ్‌లందరినీ పోగేసి సంఘం పెట్టాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లోకి బాస్కెట్‌బాల్ వెళ్ళడం వెనక ఆయన ఏళ్ళ తరబడి చేసిన రభస ఉంది. ఆ ఆటలు చూడడానికి ముసలి నైస్మిత్‌ను పంపింది ఆ సంఘం వసూలు చేసిన చందాలే. కోచింగ్ దేనికన్న గురువుగారిని కోచ్‌లు చందాలేసుకుని ఓడ ఎక్కించారు! ఇది నాకు బాగా నచ్చింది.

1952లో జాతీయ టైటిల్ గెలిచిన జట్టు ఫోటో ఉంది. క్లైడ్ లవలెట్ అనే తాటిచెట్టంత మనిషి పక్కన, బెంచీ మీద ఎక్కువగా కూర్చున్న డీన్ స్మిత్ అనే సన్నటి కుర్రాడు. ఆ కుర్రాడే తర్వాత నార్త్ కరోలినాలో 36 ఏళ్ళు కోచ్‌గా ఉండి 879 ఆటలు గెలిచాడు. కెంటకీ యూనివర్సిటీ జట్టును కోచ్‌గా ఏలిన అడాల్ఫ్ రప్ కూడా అలెన్ దగ్గర ఆడినవాడే. నైస్మిత్ ఆటను కన్నాడు, అలెన్ ఆ ఉద్యోగాన్ని కన్నాడు. ఆ ఉద్యోగం ఇప్పుడెంతదాకా వచ్చిందంటే, 2024 నవంబరులో ఇక్కడి కోచ్‌గా అలెన్ 590 గెలుపులను దాటిన బిల్ సెల్ఫ్‌కు అంతకు ముందు ఏడాది యూనివర్సిటీ రాసిచ్చిన ఒప్పందం అయిదేళ్ళకు 5 కోట్ల 30 లక్షల డాలర్లు. ప్రభుత్వ యూనివర్సిటీలో! రసాయనశాస్త్రం ప్రొఫెసర్ మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

ఇక అసలు సంగతి. ఈ ఫీల్డ్‌హౌస్ 1955 మార్చి 1న మొదలైంది, అలెన్ ఇంకా కోచ్‌గా ఉండగానే ఆయన పేరుతో. ఆ ఏడాదే ఫిలడెల్ఫియా నుంచి ఏడడుగుల ఆటగాడు విల్ట్ చాంబర్లేన్‌ను ఒప్పించి తీసుకొచ్చాడు. అప్పటి నియమం ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థి పెద్ద జట్టులో ఆడకూడదు. విల్ట్ 1956 డిసెంబరు దాకా ఆగాలి. అలెన్‌కు 1955 నవంబరులో 70 నిండాయి. డెబ్బై నిండిన రాష్ట్ర ఉద్యోగి దిగిపోవాలని కాన్సాస్ నిబంధన. ఆయన బతిమాలాడు, పోట్లాడాడు, ఒక్క సంవత్సరం ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. తన పేరున్న భవనంలో, తను తెచ్చిన కుర్రాడు ఆడుతుంటే, జట్టును తన సహాయకుడు డిక్ హార్ప్ చేతుల్లో పెట్టి కూర్చున్నాడు.

అది చదివి అక్కడి బల్ల మీద కూలబడ్డాను. 1983 సంగతి మన తరానికి చెప్పక్కర్లేదు. ఎన్టీఆర్ వచ్చిన కొత్తలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు దించారు. ఫిబ్రవరి 28 సాయంత్రానికి యాభై అయిదు దాటినవాళ్ళంతా ఇళ్ళకు. నాన్నగారికి అప్పటికి యాభై ఏడు. మర్నాడు తెల్లవారుజామున అలవాటు చొప్పున లేచి, కాకీ నిక్కరు వేసుకుని, ఈల జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయారు. మళ్ళీ 58 చేసేసరికి 1984 ఆగస్టు వచ్చింది. ఆయనకు 58 దాటిపోయాయి. సాయంత్రాలు జీతం లేకుండానే గ్రౌండుకెళ్ళి పిల్లలను ఆడించేవారు. కొన్నాళ్ళకు కొత్త హెడ్మాస్టరు గారు మర్యాదగా, "మాస్టారూ, ఏదైనా దెబ్బ తగిలితే బాధ్యత మాది కదండీ" అన్నారు. అప్పటి నుంచి ఆయన గ్రౌండు వైపు దారిలో కూడా నడవలేదు.

అందుకని నాకు అలెన్ మీద జాలి పొంగిపోవాలి. పొంగలేదు. డెబ్బై ఏళ్ళు ఇచ్చారయ్యా నీకు, భవనం కట్టి పేరు పెట్టారు, దిగిపోయాక అదే ఊళ్ళో వైద్యం చేసుకుంటూ ఎనభై ఎనిమిదేళ్ళు బతికావు, ఇంకేం కావాలి అనిపించింది. అయినా మరీ ఒక్క సంవత్సరమే కదా అడిగాడు అని కూడా అనిపించింది. ఏ రాష్ట్రంలోనైనా ఫైలుకు మనిషి కనపడడు, పుట్టిన తేదీ ఒక్కటే కనపడుతుంది.

లోపల ఆట స్థలం తలుపు తెరిచే ఉంది. పదిహేను వేల మందికి పైగా కూర్చునే చోట నేనూ, ఊడ్చే మనిషీ. పైన ఒక పెద్ద బ్యానరు: లోపలికి వచ్చేవాళ్ళారా, ఫాగ్ ఉన్నాడు జాగ్రత్త, అని. 1988లో విద్యార్థులు హాస్టలు స్నానాల గదుల పరదాలు కోసి మొదటి బ్యానరు కుట్టారట. మన ఊరి పొలిమేరల్లో పోతురాజును నిలబెట్టినట్టు, దిగిపొమ్మన్న మనిషిని తెచ్చి ఇంటి కాపలాకు పెట్టుకున్నారు.

తిరుగు బస్సులో పక్క సీటులో ఎనభై దాటిన ఒక పెద్దాయన కూర్చున్నాడు, నీలం టోపీ, చేతికర్ర. అలెన్ ఫీల్డ్‌హౌస్ చూసి వస్తున్నానని చెప్పడమే ఆలస్యం, 1957 జాతీయ టైటిల్ ఫైనల్ కథ మొదలుపెట్టాడు. అప్పుడు ఆయన బడిపిల్లవాడు, వంటింట్లో రేడియో ముందు కూర్చున్నాడు. కాన్సాస్ సిటీలోనే ఆట, అవతల నార్త్ కరోలినా. విల్ట్‌తో బంతి కోసం ఎగరడానికి వాళ్ళు జట్టులో అందరికంటే పొట్టివాణ్ణి పంపారని ఇప్పటికీ ఆయనకు మంటే. ఆట సమం, దాని మీద అదనంగా ఆడించిన ఓవర్‌టైం సమం, రెండో ఓవర్‌టైంలో ఎవరూ ఒక్క పాయింటు వేయలేదు, మూడోదాంట్లో 54-53తో ఓడిపోయారు. "వాళ్ళ నాన్న రేడియో ఆపేసినా ఆయన లేవలేదట" అని రాత్రి అమ్మాయికి చెబితే, ఎవరి నాన్న అని అడిగింది.

"ఫాగ్ ఉండి ఉంటే మూడు ఓవర్‌టైములు అక్కరే ఉండేది కాదు" అన్నాడు పెద్దాయన. ఒక్క పాయింటు తేడాకు హార్ప్‌ను ఎందుకు తిట్టాలి అన్నాను నేను. అదే అలెన్ ఓడి ఉంటే, ముసలాణ్ణి ముందే పంపేసి ఉండాల్సిందని ఊరంతా అనేది కాదూ అన్నాను. ఆయన నా వైపు తిరిగి కూర్చున్నాడు. మనకు వాదన కావాలి, ఆయనకూ కావాలి. దారిలోని యూడోరా అనే ఊరు దాటేదాకా సాగింది. విల్ట్ మరుసటి ఏడాది ఆడి, చివరి సంవత్సరం వదిలేసి వెళ్ళిపోవడం కూడా హార్ప్ ఖాతాలోనే వేశాడు.

మీకు ఈ ఆట ఎలా తెలుసని అడిగాడు చివరికి. మా నాన్నగారు కోచ్ అన్నాను. ఆ ముక్క ఇంగ్లీషులో నా నోటి వెంట రావడం అదే మొదలు. మాకు ఆయన డ్రిల్లు మాస్టారే.

"గెలుపులెన్ని, ఓటములెన్ని?" అన్నాడు వెంటనే.

లెక్క ఎవరూ రాయలేదని చెప్పాను. నమ్మలేదు. నైస్మిత్‌కే 55-60 అని రాసి పెట్టామే, లెక్క లేకుండా కోచ్ ఎలా అవుతాడు అన్నాడు. ఉన్నది హాజరు పట్టీ ఒక్కటేనని, అందులో ఇరవై తొమ్మిదేళ్ళ సంతకాలున్నాయని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, అది చెల్లదన్నాడు.