ఖాళీ ఫోల్డర్

మెనూలన్నీ వెతికినా కొత్త ఫోల్డర్ సృష్టించే ఆదేశం ఎక్కడా కనిపించలేదు. 1984 జనవరి 24న యాపిల్ వారి మాకింటాష్ కంప్యూటర్‌తో పాటు వచ్చిన తొలి సిస్టమ్‌ను ఈ సాయంత్రం ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌లో) నడుపుతున్నాను. డిస్కు విండోలో ‘ఎంప్టీ ఫోల్డర్’ అని ఒకటి మాత్రం ఉంది. దాని పేరు మారిస్తే అక్షయపాత్రలాగా మళ్ళీ అదే పేరుతో ఇంకొకటి పుట్టుకొచ్చింది!

విచిత్రమేమిటంటే, ఆ ఫోల్డర్లేవీ నిజానికి లేవు. అప్పటి ఎం.ఎఫ్.ఎస్. అనే ఫైల్ వ్యవస్థ డిస్కులోని ఫైళ్ళన్నింటినీ ఒకే జాబితాగా ఉంచేది. వాటిని ఫోల్డర్లలో సర్దినట్టు చూపించేది బ్రూస్ హార్న్, స్టీవ్ క్యాప్స్ రాసిన ఫైండర్ అనే ప్రోగ్రామ్ ఒక్కటే. అందువల్ల రెండు వేర్వేరు ఫోల్డర్లలోనైనా ఒకే పేరున్న రెండు ఫైళ్ళు ఉండటానికి వీలులేదు, ఏదైనా అప్లికేషన్‌లోంచి ఫైలు తెరవబోతే ఆ ఫోల్డర్ల జాడే ఉండదు.

దీన్ని లోపమనడానికి నాకు మనసొప్పదు. 128 కిలోబైట్ల మెమరీ, 400 కిలోబైట్ల ఫ్లాపీ ఉన్న యంత్రంలో (నా ఫోన్ తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు) పట్టుమని పాతిక ఫైళ్ళున్నా ఎక్కువే కాబట్టి, ఆ కనికట్టు సరిపోయింది. 1985లో 20 మెగాబైట్ల హార్డ్‌డిస్కు వచ్చాక ఇక సాగదని తేలి, దానితో పాటే హెచ్.ఎఫ్.ఎస్. అనే కొత్త ఫైల్ వ్యవస్థను తెచ్చారు. ఫోల్డర్లో ఫోల్డర్ నిజంగా ఉండటం మాకింటాష్‌లో అప్పుడే మొదలైంది.