రేనాటి రాళ్లు చదవడం: తొమ్మిదో నెల

పాత శాసనాలు చదవడం నేర్చుకోవాలని కూర్చుని తొమ్మిది నెలలైంది. మాది ప్రొద్దుటూరు. తెలుగులో దొరికిన తొలి శాసనంగా చెప్పే కలమళ్ల రాయి మాకు బండి మీద గంట లోపు దూరం. క్రీ.శ. 575 ప్రాంతం నాటిది, రేనాటి చోళరాజు ధనంజయుడిది. రేనాడు అంటే మా కడప ప్రాంతపు పాత పేరు. ఇంత దగ్గర ఉండి ఇన్నేళ్లు దాన్ని చదవలేకపోయానే అన్న బాధే నన్ను ఇందులోకి దించింది.

ఈ నెల ఆ శాసనంలో రెండో వరుస నుంచి ఐదో వరుస దాకా అచ్చు పాఠం చూడకుండా చదివాను. వరుసకు పట్టింది నాలుగైదు అక్షరాలే, అందుకే మాట మధ్యలో విరిగి కిందికి దిగుతుంది. ‘కల్ముతురా’ అని ఒక వరుస, కింద ‘జు ధనంజ’, దాని కింద ‘యుదు రేనా’, ఆ తర్వాత ‘ణ్డు ఏళన్’. కలుపుకుంటే ముత్తురాజు (ఈ రాజుల బిరుదు ‘ఎరికల్ ముత్తురాజు’) ధనంజయుడు రేనాడు ఏలుతుండగా అని అర్థం. మొదటి వరుస చెదిరిపోయింది. పోయిన ‘ఎరి’ని ఆ రాజులదే అయిన ఎర్రగుడిపాడు రాయి చూసి పూరించుకోవాలి, అక్కడ ‘ఎరికల్’ అని నిండుగా ఉంది.

ఐదో వరుసలో ‘ణ్డు’ దగ్గర రెండు ఆదివారాలు ఆగిపోయాను. టార్చి కుడివైపు నుంచి వేస్తే పైన ‘ణ’ ఒక్కటే తేలుతోంది. ఎడమపక్క, కింది నుంచి, రాతికి దాదాపు ఆనించినంత వాలుగా పట్టుకుంటే అప్పుడు వత్తు గీతలో సన్నటి నీడ నిలిచింది. నీడ పడగానే గుండె ఝల్లుమంది. మనం ఈరోజు రేనాడు అంటున్న పేరులో ఆ రోజుల్లో ‘ణ’ కూడా పలికేదని నా కళ్లతో చూశాను.

వెలుతురు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మొదట్లో నా శ్రమ ఎక్కువగా వృథా అయింది ఇక్కడే. మిట్టమధ్యాహ్నం వెళ్తే రాయి మొత్తం తెల్లగా, బల్లపరుపుగా కనిపిస్తుంది. పొద్దున ఎనిమిది లోపు గానీ, పొద్దు వాలాక టార్చితో గానీ వెళ్లాలి. ఫోన్‌ను స్టాండు మీద కదలకుండా పెట్టి, టైమర్ పెట్టి, టార్చిని మాత్రం నాలుగు పక్కల నుంచి మార్చుకుంటూ నాలుగు ఫొటోలు తీస్తాను. కొలత తెలియడానికి పక్కన 15 సెం.మీ. స్కేలు. దుమ్ముంటే మెత్తటి పొడి బ్రష్ చాలు. సుద్ద, పిండి, నూనె ఏదీ పూయకూడదు. 1,400 ఏళ్లు నిలిచిన గీతను మన తొందర కోసం పాడుచేయకూడదు. తడి కాగితంతో అచ్చు తీయడం అనుమతి, అనుభవం ఉన్నవాళ్ల పని. నేను చేయను.

మొదటి మూడు నెలల నోట్సు పక్కన పడేశాను. అచ్చు పాఠం ముందే కంఠస్థం చేసి రాయి దగ్గరికి వెళ్లడంతో, రాతిలో లేనిది కూడా ఉన్నట్టు కనిపించేది. త, న గుర్తుల తేడా నాకు అసలు తెలిసేది కాదు, అయినా ధైర్యంగా రాసేశాను. ఇప్పుడు నోటుబుక్కులో ఎడమ పేజీ కంటికి కనపడినదానికి, కుడి పేజీ అచ్చులో ఉన్నదానికి. కనపడని అక్షరానికి చుక్క, అనుమానం ఉంటే చదరపు బ్రాకెట్. ఎడమ పేజీ నిండేదాకా కుడి పేజీ ముట్టుకోను.

శాతవాహనులు, ఇక్ష్వాకులు ప్రాకృతంలో, విష్ణుకుండినులు సంస్కృతంలో శాసనాలు వేయించారు. ఈ రేనాటి చిన్న రాజ్యం మాత్రం ఊరి లెక్కను ఊరి భాషలో రాతికెక్కించింది. కలమళ్ల శాసనంలోని ‘చిఱుంబూరు’ ఇప్పటి చిలమకూరేనని పండితులు గుర్తించారు. సిమెంటు ఫ్యాక్టరీ ఊరిగా మాకు తెలిసిన చిలమకూరు! ఆ దారిలో వెళ్లినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ పాత పేరే నోట్లో ఆడుతుంది.

ఇంకో ఊళ్లో పొలం గట్టున ఉన్న వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) చూస్తుంటే ఒక పెద్దాయన వచ్చి, “ఏం నాయనా, నిధి ఉండాదని రాసినారా?” అని అడిగాడు. గుప్తనిధుల కోసం రాళ్లు పగలగొట్టే ముఠాలు తిరిగే చోట ఆ అనుమానం న్యాయమే. అందుకే ముందు గుడి పూజారికో, ఊరి పెద్దలకో చెప్పి వెళ్లడం మంచిది. ఆయనకు ఫోన్‌లో ఎర్రగుడిపాడు శాసనం అచ్చు చూపించి, ‘ఇచ్చిన పన్నస’ అన్న చోట వేలు పెట్టి చదివాను. పన్నస అంటే దానమిచ్చిన భూమి అన్నాను. “ఇచ్చిన అనేది మన మాటే కదా! మాన్యమన్నమాట. మా తాతకూ ఉండె” అని ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

వానలు తగ్గాక మదనపల్లె వైపు వెళ్లాలి. అక్కడ 9వ శతాబ్దిలో ఆ ప్రాంతాన్ని ఏలిన వైదుంబ రాజుల కాలపు వీరగల్లులున్నాయి, వేర్వేరు ఊళ్ల రాళ్లు సోరెమడి యుద్ధంలో పడిపోయినవాళ్లను చెబుతాయి. ఒకే పోరును ఎన్ని ఊళ్లు గుర్తుపెట్టుకున్నాయో మ్యాపు మీద చుక్కలు పెట్టి చూడాలని ఉంది. అంతలోపు కలమళ్లలో ఆరో వరుస. ‘చిఱుంబూరి’లో బండి ఱ ఎడమ పేజీలో ఇంకా బ్రాకెట్‌లోనే ఉంది.