ఆయాగా నాలుగేళ్ళు, నర్సుగా మొదటి ఏడాది

డాలస్ శివార్లలోని ఒక నర్సింగ్ హోమ్‌లో 2019లో నర్సింగ్ ఎయిడ్‌గా చేరినప్పుడు, ఆ ఉద్యోగం గురించి తెనాలిలో ఉన్న మా అమ్మకు ఎలా చెప్పాలో తెలియక, చాలా రోజులు "ఆసుపత్రి లాంటి చోట పని" అని దాటవేశాను. చివరికి వివరంగా చెప్పక తప్పనప్పుడు అమ్మ ఒక్క క్షణం ఆగి, "అంటే ఆయా పనేగా?" అంది. అవునన్నాను. పెద్దవాళ్ళకు స్నానం చేయించడం, డయపర్లు మార్చడం, అన్నం తినిపించడం, మంచం మీద నుంచి కదల్లేని వాళ్ళను రెండు గంటలకొకసారి పక్కకు ఒత్తిగిలించడం, ఇదంతా ఆయా పనే. అమ్మ ఇంకేమీ అనలేదు గాని, ఆ తరవాత చాలాకాలం బంధువుల ముందు నా ఉద్యోగం ప్రస్తావన రానివ్వలేదు.

ఎయిడ్ కావడానికి అమెరికా కేంద్ర నిబంధనలు అడిగేది కనీసం 75 గంటల శిక్షణ మాత్రమే. టెక్సస్ దాన్ని 100 గంటలు చేసింది. నర్సుల్లో మొదటి మెట్టయిన ఎల్‌వీఎన్ (లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్స్) కావాలంటే ఇదే రాష్ట్రంలో కనీసం 1,398 గంటలు చదవాలి, అందులో 840 గంటలు పని చేసి నేర్చుకునే క్లినికల్ శిక్షణే. (మిగతా చాలా రాష్ట్రాల్లో ఈ నర్సునే ఎల్‌పీఎన్ అంటారు.) ఈ అంకెలు చూసిన వాళ్ళకు ఎయిడ్‌కు తెలిసేది తక్కువని అనిపించడం సహజం. నాకూ అలాగే అనిపించేది.

కానీ ఆ నాలుగేళ్ళలో నేను నేర్చుకున్నది ఏ సిలబస్‌లోనూ కనిపించలేదు. ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న వాళ్ళకు చెవుల వెనక, ఆ గొట్టం ఒరుసుకునే చోట, సన్నగా ఎర్రబడి పుండు పడుతుంది. జుట్టు దువ్వేటప్పుడు చెవి పక్కకు వంచి చూసే మనిషికే అది కనిపిస్తుంది. మామూలుగా కాఫీలో మూడు చక్కెర పొట్లాలు వేయించుకునే పెద్దాయన ఒకరోజు చక్కెర అడగలేదంటే అది రుచి మారడం కాదు, ఆయనకు ఒంట్లో ఏదో బాగా లేదని అర్థం. నడుముకు కట్టే బెల్టు పట్టుకుని లేపేటప్పుడు, నిన్న తన బరువు తాను మోసుకున్న మనిషి ఇవాళ ఆ బరువంతా నా చేతుల మీద వేశారంటే, ఆ సంగతి రక్తపోటు అంకెల కంటే ముందు నా భుజానికి తెలిసేది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల నర్సింగ్ హోమ్‌లలోకి కుటుంబ సభ్యులను రానివ్వడం ఆపేశాక, ఇలాంటివి గమనించడానికి మేము తప్ప మరొకరు లేకుండా పోయారు. వెళ్ళి నర్సుకు చెబితే ఒక్కోసారి వినేవారు, ఒక్కోసారి "బీపీ బాగానే ఉందిగా" అని ముందుకు సాగిపోయేవారు. నేను నర్సునైతే అలా చేయనని అప్పట్లో గట్టిగా అనుకునేదాన్ని.

చదువు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వారమంతా కాలేజీ, శని ఆదివారాలు పదహారేసి గంటల డబుల్ షిఫ్టులు, పిల్లల సంగతి మావారు చూసుకున్నారు. నర్సు లైసెన్సు కోసం రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్ష 2023లో కొత్త తరహాలో మొదలైన కొద్ది నెలలకే రాశాను. అందులో ప్రశ్నలు కనీసం 85, గరిష్ఠం 150. మన స్థాయి తేలిపోగానే కంప్యూటర్ ఆగిపోతుంది. నాకు 85 దగ్గర ఆగింది. తప్పానేమోనని పార్కింగ్ లాట్‌లో కూర్చుని ఏడ్చాను, అది వేరే కథ.

ఉన్నచోటే ఎల్‌వీఎన్‌గా చేరాను. మొదటి రోజు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ, మందుల బండి దగ్గర నార్కోటిక్స్, అంటే మత్తు కలిగించే నొప్పి మందులు, లెక్క పెట్టాము. దిగిపోయే నర్సు పుస్తకంలోని అంకె చదువుతుంటే, ఎక్కే నర్సు లోపలి తాళం అరలోంచి ఒక్కొక్క కార్డు తీసి మిగిలిన మాత్రలు లెక్కపెట్టి చెప్పాలి. హైడ్రోకోడోన్ పదిహేడు, పదిహేడు. మార్ఫిన్ సీసాను కంటి ఎత్తుకు లేపి గీత చూడాలి. అన్నీ సరిపోయాక ఇద్దరమూ సంతకాలు చేశాము, ఆవిడ తాళం చెవుల గుత్తి నా అరచేతిలో పెట్టింది. నాలుగేళ్ళు ఆ గుత్తి చప్పుడు విని నర్సు ఎక్కడుందో కనిపెట్టేదాన్ని, ఇప్పుడు అది నా జేబులో చప్పుడు చేస్తుంటే కొంత గర్వంగా, అంతకంటే ఎక్కువ బెదురుగా ఉంది.

అప్పటినుంచి నా రోజును బండి నడిపించింది. ఇరవై ఎనిమిది మందికి మందులు, ఒక్కొక్కటీ రాసిన సమయానికి గంట అటూ ఇటూగా పడాలి. కొందరికి మాత్రలు నూరి యాపిల్ గుజ్జులో కలిపి పెట్టాలి, భోజనానికి ముందు సూదితో వేలు గుచ్చి చక్కెర చూసి ఇన్సులిన్ ఇవ్వాలి. ఈ హడావిడిలో మనుషులను ముట్టుకోవడం తగ్గిపోయింది. గదిలోకి వెళ్ళడం, మందు మింగించడం, బయటికి రావడం. ఎవరి చెవి వెనకా చూడలేదు.

మూడో నెలలో ఒక సాయంత్రం నాలుగున్నరకు, నాకు ఎయిడ్ పనంతా నేర్పిన కెన్యా ఆవిడ బండి దగ్గరికి వచ్చి, హాలు చివరి గదిలో పెద్దావిడ ఇవాళ తన మనిషిలా లేదని చెప్పింది. నేను మాత్రలు పెట్టే చిన్న కప్పు మీద నుంచి తల ఎత్తకుండానే "మూడింటికి చూసిన బీపీ, నాడీ బాగానే ఉన్నాయిగా, వస్తాను" అన్నాను. వెళ్ళేసరికి ఆరైంది. ఆయాసం, జ్వరం 101.4, ఆక్సిజన్ 88. డాక్టరుకు ఫోన్ చేసి, ఇంటివాళ్ళకు చెప్పి, ఆసుపత్రికి పంపించాను. న్యుమోనియా అని తేలింది. ఆరు రోజుల తరవాత ఆవిడ తిరిగి వచ్చారు, మునుపటి కంటే సన్నబడి.

ఎవరూ నన్ను తప్పు పట్టలేదు, ఎందుకంటే కాగితం మీద నాది తప్పు కాదు. ఆ రాత్రి నర్సు నోట్ రాస్తూ "ఆరు గంటలకు మార్పు గమనించడమైనది" అని టైపు చేసి ఆగిపోయాను. అది అబద్ధం కాదు, కానీ నిజం కూడా కాదు. అది చెరిపి, నాలుగున్నరకు ఎయిడ్ తెలియజేసిందని, ఆరు గంటలకు నేను పరీక్షించానని రాశాను. మర్నాడు ఆ ఎయిడ్‌కు ఆ వాక్యం గురించి చెబితే ఆవిడ తలూపి, "రాశావు, మంచిది. ఈసారి నేను పిలిస్తే రా" అని తువ్వాళ్ళ బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

మా దగ్గర స్టాప్ అండ్ వాచ్ అనే కార్డులు ఉన్నాయి. తక్కువ తింటున్నారా, తక్కువ మాట్లాడుతున్నారా, కదలడానికి ఎక్కువ సాయం కావాలా, ఇలాంటి మార్పుల్లో వర్తించేదాన్ని ఎయిడ్ గుండ్రంగా చుట్టి నర్సుకు ఇస్తుంది. నేను నర్సునయ్యేనాటికి అవి సొరుగులో దుమ్ము పట్టి ఉన్నాయి. ఒక కట్ట తీసి బండి మీదే పెట్టాను. కార్డు చేతికి వస్తే తీసుకున్న సమయం వెనక రాసి, చేతిలోని మాత్ర ఇచ్చి, బండికి తాళం వేసి ఆ గదికి వెళతాను. దానివల్ల మందులు ఆలస్యమై సూపర్‌వైజర్ రెండుసార్లు అడిగారు. నా జవాబు ఆవిడకు పెద్దగా నచ్చలేదు.

ఇప్పుడు ఎల్‌వీఎన్‌లు పై మెట్టయిన ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) కావడానికి చదివే బ్రిడ్జి కోర్సుకు దరఖాస్తు పెట్టాను. టెక్సస్‌లో ఎల్‌వీఎన్ ఫలానా సమస్య మేరకే రోగిని పరీక్షించగలదు, సమగ్రమైన అంచనా వేసే అధికారం ఆర్‌ఎన్‌దే. నర్సింగ్ హోమ్‌లలో ప్రతి మనిషి గురించి చేరినప్పుడూ, ఆపైన మూడు నెలలకొకసారీ వాళ్ళ పరిస్థితి రాసి నింపే ఎండీఎస్ అనే పత్రం పూర్తయిందని సంతకం పెట్టేది కూడా ఆర్‌ఎనే. అందులో ఎవరు తమంతట తాము తినగలరు, ఎవరిని లేపడానికి ఇద్దరు కావాలి అన్న గడులు చాలావరకు ఎయిడ్లు రోజూ నమోదు చేసిన గుర్తుల మీద ఆధారపడి నిండుతాయి.

దరఖాస్తు సంగతి చెబితే అమ్మ సంతోషించి, "అయితే ఇక ఆయా పని చెయ్యక్కర్లేదు కదే" అంది. ఆ మధ్యాహ్నమే ఎయిడ్లు ఇద్దరు సెలవు పెట్టడంతో నలుగురికి డయపర్లు మార్చి, ఒకరికి స్నానం చేయించి వచ్చానని అమ్మకు చెప్పాను. స్నానం చేయించినప్పుడు ఆయన మడమ మీద రూపాయి బిళ్ళంత ఎరుపు కనిపించింది. కాళ్ళ కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఎత్తి, గాయాల నర్సుకు చీటీ రాసి వచ్చాను.