నాలుగు వేల సీసా, కోనసీమ ఉక్కపోత

30 మిల్లీలీటర్ల ఫౌండేషన్ సీసా నాలుగు వేల రూపాయల పైన, మూడు గ్రాముల లిప్‌స్టిక్ రెండు వేల పైన పలుకుతున్న ఈ రోజుల్లో, అదే పని చేస్తానని చెప్పే సీసా అమలాపురంలోని ఫ్యాన్సీ షాపులో ఐదారు వందలకే దొరుకుతుంటే, ఆ తేడాకు అర్థం ఉందా అని మా బంధువుల ఇళ్లలో పెళ్లి కుదిరిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతాను. సీసా ముందున్న పేరు కంటే వెనకనున్న చిన్న అక్షరాలు చదవడం నాకు అలవాటు కాబట్టి ఆ ప్రశ్న తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. ఖరీదైన వాటిలో కొన్నింటికి ఆ ధర తగినదే అని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ ధరలో ఒక పెద్ద భాగం డెల్టాలో ఉండే మనదాకా రాదు, వచ్చే భాగమేదో తెలుసుకుని కొనడమే మన పని అని కూడా చెబుతాను.

ముందు సీసాలో ఏముందో చూద్దాం. పదార్థాల జాబితాలో ఒక శాతానికి మించి ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. చవక సీసానూ ఖరీదైన సీసానూ పక్కపక్కన పెట్టి ఈ జాబితాలు చదివితే వాటి చుట్టరికం వెంటనే బయటపడుతుంది. చర్మపు రంగు రావడానికి రెండింటిలోనూ వాడేవి ప్రధానంగా నాలుగే: తెలుపుకు టైటానియం డయాక్సైడ్, అంటే రంగుల పట్టిక (కలర్ ఇండెక్స్) అంకెల్లో సి.ఐ. 77891, ఎరుపు, పసుపు, నలుపులకు ఇనుప ఆక్సైడ్లు, అంటే 77491, 77492, 77499. నున్నగా జారడానికి డైమెథికోన్ లాంటి సిలికోన్లు, జిడ్డు పీల్చడానికి సిలికా, మెరుపుకు అభ్రకం. (ఆ అభ్రకం మన గూడూరు వైపు గనుల్లోనూ దొరికేదే.) అయితే జాబితాలు కలిసినంత మాత్రాన వస్తువులు ఒకటి కావు. ఏది ఎంత పాళ్లలో కలిపారో, రంగును ఎంత మెత్తగా నూరారో, ఒక్కొక్క రేణువు మీద నీటిని అంటనివ్వని పూత పూశారో లేదో ఆ చిన్న అక్షరాలు చెప్పవు. అదే బియ్యపు పిండి జారుతో ఆత్రేయపురం చేతికి వచ్చే పూతరేకు పలుచదనం మరొక చేతికి రానట్టే, ఇక్కడా చాలా తేడా చేతిలోనే ఉంటుంది.

డబ్బు ఎటు పోతుందన్నది తర్వాతి సంగతి. ఖరీదైన లాంకోమ్‌ను 1964లో, చవకైన మేబెలిన్‌ను 1996లో కొన్నది ఒకే సంస్థ, ఫ్రాన్సు దేశపు లొరియల్. మాక్, క్లినీక్, బాబీ బ్రౌన్ మూడూ ఎస్టీ లాడర్ సంస్థవే. ఇటలీకి చెందిన ఇంటర్‌కోస్ లాంటి తయారీదారులు తమ పేరు డబ్బా మీద కనపడకుండానే పేరున్న ఎన్నో బ్రాండ్లకు పౌడర్లూ లిప్‌స్టిక్‌లూ చేసిపెడతారు. లొరియల్ 2023 లెక్కల్లో అమ్మకాల మొత్తం నుంచి తయారీ ఖర్చు తీసేశాక 74 శాతం దాకా మిగిలింది. అమ్మకాల్లో 32 శాతానికి పైగా ప్రకటనలకూ ప్రచారానికీ పోయింది, పరిశోధనకు పెట్టింది 3 శాతం పైచిలుకు. ఈ అంకెలు చూపించి ఖరీదైనదంతా మోసమని వాదించేవారున్నారు. నేను వారితో కలవను, ఎందుకంటే అవి చవక బ్రాండ్లనూ ఖరీదైన బ్రాండ్లనూ కలిపి వేసిన లెక్కలు. ఐదు వందల సీసా కొన్న మనిషి కూడా సినిమా తార ముఖానికి తన వంతు చెల్లిస్తూనే ఉన్నారు. కాకపోతే ఐదు వందల్లో ఆ వంతు నూట అరవై రూపాయలైతే, అదే పాళ్లలో నాలుగు వేల మీద పన్నెండు వందల ఎనభై అవుతుంది. దాని పైన దిగుమతి సుంకం, జీఎస్టీ, చేతికి బరువుగా తగిలే గాజు సీసా, అయస్కాంతపు మూత. ఆ మూత పడేటప్పుడు వచ్చే చప్పుడు నాకూ ఇష్టమే, కానీ దాన్ని ముఖానికి రాసుకోలేము.

మరి ధరకు తగిన పని ఎక్కడ జరుగుతుంది? నా లెక్కలో ఒక్క చోటే, ముఖమంతా పరుచుకునే ఫౌండేషన్‌లో. ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, దిగువన సముద్రం, మధ్యలో కాలువలూ వరిచేలూ కొబ్బరితోటలూ ఉన్న చోట గాలిలో తేమ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఇక్కడ చెమట పట్టడం కంటే పట్టిన చెమట ఆరకపోవడమే అసలు బాధ. ఎక్కువసేపు నిలిచే ఫౌండేషన్లలో ఐసోడోడెకేన్, సైక్లోపెంటాసిలోక్సేన్ లాంటి త్వరగా ఆవిరయ్యే ద్రవాలు ఉంటాయి. రాసిన కొద్ది నిమిషాల్లో అవి ఎగిరిపోయి, ట్రైమెథైల్‌సిలాక్సీసిలికేట్ అనే జిగురు పలుచని పొరగా మిగిలి, రంగును చర్మానికి పట్టి ఉంచుతుంది. ఆ పొరను చెమట కరిగించలేదు, నూనె కరిగిస్తుంది. మన చర్మమే నూనె స్రవిస్తుంది కాబట్టి పొర ఎంత గట్టిగా ఉండాలి, ఎంత సాగాలి, ఎంత నూనెను పీల్చుకోవాలి అన్న మూడింటినీ సరితూచడమే తయారీదారు నేర్పు. చవక రకాల్లో ఈ తూకం తప్పినప్పుడు పొర బిగుసుకుని నవ్వినచోట చిట్లుతుంది, లేదా ముక్కు పక్కన రంగు గడ్డకడుతుంది. రాసిన నాలుగు గంటలకే షేడ్ ముదిరి ముఖం మసకబారడం కూడా సామాన్యమే: ద్రవం ఆవిరైపోయి, చర్మపు నూనె రంగు రేణువులను తడిపాక ఉదయం చూసిన రంగు సాయంత్రానికి ఉండదు. రేణువులకు మంచి పూత ఉంటే ఈ మార్పు తక్కువగా ఉంటుంది.

మా వైపు పెళ్లిలో దీనికి నిజమైన పరీక్ష పడుతుంది. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కూర్చోబెట్టి వేసిన మేకప్ జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, హోమం పొగ, వీడియో దీపాల వేడి, అన్నీ దాటి తెల్లవారి అప్పగింతల ఏడుపు దాకా నిలవాలి. ఎస్టీ లాడర్ వారి డబుల్ వేర్ ఫౌండేషన్ 1997లో వచ్చి ఇన్నేళ్లూ పెళ్లి మేకప్ పెట్టెల్లో కదలకుండా ఉండడానికి కారణం ఇదే. ఏసీ గదిలో ఐదారు వందల ఫౌండేషన్‌కూ దానికీ తేడా చెప్పమంటే నేను చెప్పలేను. వైశాఖ మాసంలో షామియానా కింద మాత్రం చెప్పగలను. కాబట్టి ఎవరైనా ఒక్క ఖరీదైన వస్తువు కొంటామంటే అది ఫౌండేషనే కావాలంటాను.

ఇక్కడే మన చిక్కు మొదలవుతుంది. ఆ నాలుగు వేలల్లో సీసాతో పాటు ఒక సేవ కూడా కలిసి ఉంది. హైదరాబాదులో పెద్ద మాల్‌లోని కౌంటర్‌కు వెళితే అక్కడి అమ్మాయి దవడ అంచున రెండు మూడు షేడ్లు రాసి, బయటి వెలుతురులో అద్దం చూసుకోమని, కాసేపు తిరిగి రమ్మని చెబుతుంది. ఫెంటీ బ్యూటీ 2017లో ఒకేసారి 40 షేడ్లతో వచ్చాక మిగిలిన బ్రాండ్లు కూడా షేడ్ల వరసలు పెంచాయి. మన ఛాయలకు అది మేలే, కానీ షేడ్లు పెరిగేకొద్దీ ముఖం మీద రాసి చూడకుండా సరైనది పట్టుకోవడం కష్టమవుతుంది. అమలాపురంలోనూ రాజోలులోనూ అలాంటి కౌంటర్లు లేవు. ఫోన్ తెర మీద చూసి తెప్పించుకోవాలి. మూత తీసిన సీసాను వెనక్కి తీసుకోరు. హైదరాబాదు అమ్మాయి ఇచ్చే నాలుగు వేలూ ముమ్మిడివరం అమ్మాయి ఇచ్చే నాలుగు వేలూ ఒకటే అయినా, వాటికి వారిద్దరికీ దక్కేది ఒకటి కాదు.

మనకున్న ఇంకొక దారి గల్ఫ్. కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేసే మేనమామో పిన్నో లేని ఊరు కోనసీమలో అరుదు, సెలవుకు వచ్చేటప్పుడు వారి పెట్టెలో అత్తరు పక్కన ఒక ఫౌండేషనూ ఉంటుంది. ప్రేమగా తెచ్చినదాన్ని తప్పుపట్టలేము గానీ, ఆ షేడ్ ఎంచుకున్న తీరు చూడండి.

“మామయ్యా, ఏ షేడ్ తెచ్చారు?”

“తెల్లగా కనపడేదే తెచ్చానమ్మా, నీ ఫోటో చూపించే అడిగాను.”

ఆ ఫోటో అప్పటికే ఫోన్ తెల్లబరిచినది. దాని మీద ఇంకొక మెట్టు తెలుపు. అలా వచ్చిన సీసా ఎంత గొప్పదైనా ముఖం బూడిద రంగుకు తిరిగి, మెడ వేరే మనిషిదిలా ఉంటుంది; ఫ్లాష్ పడితే చెప్పనక్కరలేదు. సిలికా పొడి ఎక్కువగా అద్దినా ఫోటోలో ఇదే తెల్లదనం వస్తుంది. ఇంతకీ ఒక మెట్టు తెలుపు అన్న ఈ పిచ్చి అమ్మేవారిదే కాదు, మనదే ముందు. సరైన షేడ్‌లో ఉన్న ఆరు వందల సీసా తప్పు షేడ్‌లో ఉన్న నాలుగు వేల సీసా కంటే వెయ్యి రెట్లు నయం. పెళ్లికూతురి విషయంలో మరొకటి ఉంది: నలుగు పెట్టి, పసుపుతో మంగళస్నానాలు చేయించాక చర్మం ఒకటి రెండు రోజులు పసుపు పచ్చగానే ఉంటుంది. నెల ముందు సరిగ్గా కుదిరిన షేడ్ ఆ రోజుకు గులాబీ రంగు కొట్టవచ్చు. అందుకని కాస్త పసుపు ఛాయ వైపున్న షేడ్ తీసుకోవడం, నలుగు పిండి ముఖానికి తగ్గించి చేతులకూ పాదాలకూ కానివ్వడం మంచిది.

వాడకం లెక్క కూడా వేయాలి. ముఖానికి ఒకసారికి ముప్పావు మిల్లీలీటరు పడుతుందనుకుంటే 30 మిల్లీలీటర్ల సీసా నలభై సార్లకు వస్తుంది. నాలుగు వేలను నలభైతో భాగిస్తే ఒక్కసారికి వంద రూపాయలు. ప్రతిరోజూ మేకప్ వేసుకుని ఉద్యోగానికి వెళ్లే మనిషికి సీసా రెండు నెలల్లోపే అయిపోతుంది. కానీ మనలో చాలామంది పెళ్లికో పేరంటానికో నెలకొకసారి వాడతాం. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12 ఎం అని ఉంటే తెరిచాక పన్నెండు నెలల్లో వాడేయాలని అర్థం. అప్పటికి అయ్యేది పన్నెండు వాడకాలు, ఒక్కొక్కటి మూడు వందల ముప్పై రూపాయల పైన, మిగిలిన మూడింట రెండు వంతుల పైచిలుకు పారబోయవలసినదే. అక్కచెల్లెళ్లూ వదినా మరదళ్లూ ఛాయలు కలిసిన వారు ఒక సీసా కలిసి కొనుక్కోవడంలో నామోషీ ఏమీ లేదు, చేతితో ముట్టకుండా పంపుతో తీసుకునే సీసా అయితే చాలు.

మిగిలిన వాటి గురించి నాకు పెద్దగా సందేహాలు లేవు. కాటుకకు ఎక్కువ పెట్టడం అనవసరం. ఆముదపు దీపం మీద రాగి పళ్లెం బోర్లించి పట్టిన మసి ఏదో, పెన్సిల్ కాజల్‌లో సి.ఐ. 77266 అన్న అంకె వెనక ఉన్నదీ ఆ కర్బనపు జాతిదే; తేడా శుద్ధిలోనూ, దాన్ని పట్టి ఉంచే మైనాల్లోనూ ఉంది, ఆ మైనాలు రెండు మూడు వందల కాజల్‌లోనూ బాగానే ఉంటాయి. టాటాలు 1952లో మొదలుపెట్టి ఇప్పుడు హిందుస్థాన్ యూనిలీవర్ చేతిలో ఉన్న లాక్మే కాజల్ మన కళ్లకు చాలినంత నలుపే. మస్కారా తెరిచిన కొద్ది నెలల్లో మార్చవలసినదే కాబట్టి అది చవకగా ఉండడమే ఆరోగ్యం. లిప్‌స్టిక్‌లో ధర పెరిగితే పెదవి మీద హాయి పెరుగుతుంది, మన్నిక పెరగదు; ఎండాకాలం బీరువాలో పెడితే రెండు వేలదానికీ రెండు వందలదానికీ ఒకే విధంగా పైన నూనె బొట్లు తేలతాయి. ఇక తుడుచుకోవడానికి వేలు పోసి క్లెన్సింగ్ బామ్ కొనడం కొబ్బరి చెట్ల కింద ఉండేవారికి ఏమాత్రం తగదు. ఆ జిగురు పొరను కరిగించేది నూనే కాబట్టి, కొబ్బరినూనె రాసి మెల్లగా తుడిచి ఫేస్‌వాష్‌తో కడిగేస్తే సరిపోతుంది. మొటిమలు వచ్చే ముఖమైతే నూనె మిగలకుండా కడగాలి.

ఖరీదైన పేర్లకే నకిలీలు ఎక్కువ. 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం ఇక్కడ తయారైనదాని మీద లైసెన్సు సంఖ్య, బయటి నుంచి వచ్చినదాని మీద దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. సీసం మిలియన్‌కు 20 భాగాలు, ఆర్సెనిక్ 2 భాగాలు దాటకూడదు. ఈ హద్దులు వందల సీసాకూ వేల సీసాకూ ఒకటే. పేరులేని నకిలీకి ఏ హద్దూ ఉండదు. సగం ధరకే అసలు సరుకు అని వాట్సాప్‌లో వచ్చే బేరాల కంటే లైసెన్సు సంఖ్య ఉన్న దేశవాళీ సీసా ఎంతో క్షేమం. గల్ఫ్ నుంచి చేతితో తెచ్చినదాని మీద మన దిగుమతి ముద్రలు ఉండవు, కాబట్టి డబ్బా మీది బ్యాచ్ సంఖ్య సీసా మీది సంఖ్యతో కలుస్తున్నదో లేదో చూసుకోవాలి.

చివరగా బ్యూటీ పార్లర్ల ప్యాకేజీలు. మామూలుది, హెచ్‌డీ (దగ్గరి కెమెరాకు తగ్గది), ఎయిర్‌బ్రష్ (గాలితో చిమ్మేది) అని మూడు మెట్లుంటాయి, మెట్టుకు మెట్టుకూ వేలల్లో తేడా ఉంటుంది. పై మెట్టుకు కారణంగా సాధారణంగా చెప్పేది బ్రాండ్ల పేర్లే. ఒక ముఖానికి ఆ రోజు పడే ఫౌండేషన్ ఖరీదు, నాలుగు వేల సీసాదైనా, వందా నూట యాభైకి మించదని పైన వేసిన లెక్కే చెబుతోంది. మిగిలిన వేలు వేసే మనిషి నేర్పుకు ఇస్తున్నామా లేదా అన్నదే చూడాలి. ఆవిడ ఇదివరకు వేసిన పెళ్లికూతుళ్ల ఫోటోల్లో తెల్లవారుజామువి చూపించమనండి, మేకప్ వేసిన వెంటనే తీసినవి కాదు. సీసాలు బల్ల మీద పెట్టించి, తేదీలు చూసి, దవడ మీద రాయించుకుని ఆరుబయట నిలబడి చూసుకోండి. వీటికి విసుక్కోని మనిషి దొరికితే, ఆవిడ పెట్టెలో ఏ బ్రాండ్ ఉన్నా అడ్వాన్సు ఇచ్చేయండి.