మా ఇంటి శనివారాలు

“నువ్వు శనివారం ఒంటిపూట తింటే భక్తి, నాన్న పదహారు గంటలు ఏమీ తినకుండా ఉంటే ఆరోగ్యం, నేను ఒకపూట మానేస్తే మాత్రం జబ్బా?” అని మా అమ్మాయి అడిగి కొన్ని వారాలైంది. పద్నాలుగేళ్ళ పిల్లకు అప్పటికప్పుడు నేనిచ్చిన జవాబులో తల్లినన్న అధికారం తప్ప మరేమీ లేదు. ఆ తరువాత వంట చేస్తూ, కారు నడుపుతూ మనసులో ఎన్నో సమాధానాలు కూర్చుకున్నాను. ఆమె తర్కం ముందు వాటిలో ఒక్కటీ నిలిచేలా లేదు.

నిరుడు దసరా తరువాత అనుకుంటాను, తానూ నాతోపాటు శనివారాలు చేస్తానంది. తెలుగు బడికి రానని ఏడిపించిన పిల్ల, పులిహోర ఉంటేనే గుడికి బయలుదేరే పిల్ల, వేంకటేశ్వరస్వామి పేరు చెప్పి అన్నం మానేస్తానంటే కాదనే ప్రవాస తల్లి ఎవరుంటారు? కనబడిన వారందరికీ చెప్పుకుని మురిసిపోయాను. శనివారానికి సోమవారం తోడైంది, ఆపైన మాంసం పోయింది, ఆ తరువాత వేపుళ్ళు, చివరికి పెరుగన్నం కూడా పోయాయి. మేము దాన్ని సాత్వికాహారం అన్నాం. అదే రోజుల్లో ఆమెకు వంట మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. రాత్రి పొద్దుపోయేదాకా వంటల వీడియోలు చూసేది, ఆదివారం కేకు చేసి అన్నకూ మాకూ కొసరి కొసరి వడ్డించేది, తాను మాత్రం కలుపుతూ రుచి చూసీ చూసీ కడుపు నిండిపోయిందనేది. సంక్రాంతికి లంగా ఓణీలో తీసిన ఫొటోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. ఎంత నాజూగ్గా తయారైందోనని అందరూ మెచ్చుకుంటే, ఆ మెచ్చుకోళ్ళన్నీ ఆమెకు చదివి వినిపించింది కూడా నేనే.

ఏడాదికోసారి చేయించే పరీక్షలో డాక్టరు ఆమెను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి నాడి, రక్తపోటు చూసి, మమ్మల్ని బయట కూర్చోమన్నారు. మళ్ళీ లోపలికి పిలిచి ఎదుగుదల పటం చూపించారు. బరువు ఇప్పటికీ ఆ వయసుకు మామూలనే పరిధిలోనే ఉంది కానీ, పసితనం నుంచీ తాను పట్టుకుని వచ్చిన గీతను వదిలేసి కిందికి జారిపోయింది. నాడి ఉండవలసిన దానికన్నా నెమ్మదిగా కొట్టుకుంటోంది. నెలసరి ఆగిపోయిన సంగతి నాకు అక్కడే తెలిసింది. లావవుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు, అనొరెక్సియా, అంటే ఎముకల గూడుగా మారిన మనిషే నా కళ్ళముందు మెదిలేది. బరువు మామూలుగానే కనబడుతున్నా తక్కిన లక్షణాలన్నీ ఉంటే దాన్నీ ఆహార రుగ్మతగానే గుర్తించాలనీ, నిర్ధారణకు నెలసరి ఆగి తీరాలన్న నియమం అక్కరలేదనీ అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లోనే తన నిర్ధారణ గ్రంథాన్ని సవరించిందని తరువాత తెలుసుకున్నాను. బరువు మామూలుగా ఉందన్నంత మాత్రాన గుండెకు ముప్పు తప్పినట్టు కాదని డాక్టరు నొక్కి చెప్పారు.

ఇవి తెల్లవాళ్ళ జబ్బులు, మన సంస్కృతిలో లేవు అని మావారు కొంతకాలం పట్టుబట్టారు. గిర్మిట్ కాలంలో, అంటే బ్రిటిష్‌వారు ఒప్పంద కూలీలను తరలించిన రోజుల్లో, మన తెలుగువాళ్ళు కూడా వెళ్ళి స్థిరపడిన ఫిజీ గురించి చదివాక నేను ఆ మాటను వదిలేశాను. అక్కడి ఆదివాసీ ఫిజియన్లు ఒడ్డూ పొడుగూ ఉన్న శరీరాన్నే అందమనుకునేవారు, పిల్లలకు కడుపారా పెట్టడమే మర్యాద అనుకునేవారు. వారి నడుమ ఒక ప్రాంతంలోకి 1995లో టెలివిజన్ వచ్చింది. బరువు తగ్గడం కోసం వాంతి చేసుకుంటున్నామని ఆ ఏడాది బడికెళ్ళే ఆడపిల్లల్లో ఒక్కరూ చెప్పలేదు, 1998 నాటికి నూటికి పదకొండు మంది చెప్పారు. అంటే తిండిని ప్రేమించే సంస్కృతి తనంతట తాను పిల్లలకు కవచం కాదన్నమాట. తెరను తిట్టడం నాకూ ఇష్టమే. టీనేజి ఆడపిల్లలు ముగ్గురిలో ఒకరికి తమ శరీరం మీద ఉన్న చిన్నచూపును ఇన్‌స్టాగ్రామ్ పెంచుతోందని ఆ సంస్థ అంతర్గత పరిశోధనే చెప్పినట్టు 2021లో బయటపడినప్పుడు, దోషి దొరికాడన్నంత సంబరపడ్డాను. అయితే ఆదివారం వీడియో కాల్ కూడా తెరే కదా. అందులో మా అమ్మ క్షేమ సమాచారం అడగకముందే మనవరాలి చెంపలు పెరిగాయో తగ్గాయో తేల్చేస్తుంది, ఆ వెంటనే కడుపునిండా తినమని బతిమాలుతుంది. ఈ రెండు మాటలకూ పొంతన లేదని నాకు పెళ్ళయి పిల్లలు పుట్టేదాకా తోచలేదు, తోచాక కూడా నా నోరు అదే దారిలో నడుస్తోంది.

మా అమ్మాయి ప్రశ్నకు కొంత జవాబు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో జరిగిన ప్రయోగంలో కనబడింది. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ముందుకు రాగా, యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త దాదాపు ఆరు నెలలు వారికి అర్ధాకలి భోజనం పెట్టాడు. బరువులో సుమారు నాలుగోవంతు కోల్పోయిన ఆ మగవాళ్ళు తిండిని తప్ప మరొకదాన్ని తలచలేని స్థితికి వచ్చారు, కంచాలు నాకారు, అంతకుముందు వంటింటి ముఖం చూడనివారు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. వారిలో మొదటినుంచీ మనోవ్యాధి ఉన్నవారు లేరు. ఆకలే మనసును అలా మలిచింది. నా శనివారం సాయంత్రం దీపం పెట్టగానే ముగుస్తుంది, ఆపైన నేను తినే దోసెలను లెక్కపెడితే స్వామికే నవ్వు వస్తుంది. ఆమె ఆకలికి అలాంటి సాయంత్రం లేకుండా పోయింది. మానేయడం మొదట ఆమె ఇష్టంతోనే మొదలై ఉండవచ్చు, కొంతకాలానికి మానేయకుండా ఉండడం ఆమె చేతిలో లేదు. పసివాళ్ళకూ వృద్ధులకూ రోగులకూ ఉపవాస నియమం లేదని మన పెద్దలే అంటారు. నేను ఆ మాట అంటే, “నేను పసిదాన్నా, రోగినా, ఏదో ఒకటి తేల్చి చెప్పు” అంది.

లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980ల్లో రూపుదిద్దుకున్న చికిత్సనే మాకూ చెప్పారు. పిల్ల ఏమి తినాలో ఎంత తినాలో కొంతకాలం తల్లిదండ్రులే నిర్ణయించాలి, పూటపూటా పక్కన కూర్చుని తినిపించాలి, బలం పుంజుకున్న కొద్దీ ఆ అధికారాన్ని మెల్లగా ఆమెకు తిరిగి అప్పగించాలి. తెలుగు తల్లికి ఇంతకన్నా సులువైన వైద్యం ఉండదనుకున్నాను. పెట్టడం మనకు వచ్చిన విద్యే, పెట్టి ఊరుకోవడమే రాలేదు. తినేటప్పుడు శరీరం మాట ఎత్తరాదు, మంచి తిండి చెడ్డ తిండి అనరాదు, తిన్నాక మెచ్చుకోనూ కూడదు. ముద్దపప్పులో ఒక చెంచా నెయ్యి కోసం గంటసేపు పోరాడిన రోజున, ఏడ్చి ఏడ్చి తల ఎత్తి, “నీ కంచంలో వెయ్యలేదేం?” అని అడిగింది. నేను నెయ్యి మానేసి చాలాకాలమైంది. కొబ్బరినూనె డైట్లూ సిరిధాన్యాల డైట్లూ చూసీ చూసీ, నాకు తెలియకుండానే నెయ్యి డబ్బాను వంటింట్లో వెనుక అరకు నెట్టేశాను. ఆ పూట నుంచి ఇద్దరం వేసుకుంటున్నాం. జాకెట్లు బిగుతైనప్పుడు నాకు కలిగే బాధను ఆమె ముందు దాచుకోవడానికి పడే అవస్థ చూస్తే, ఈ చికిత్స ఎవరికి జరుగుతోందో నాకే సందేహం వస్తుంది. మావారు పదహారు గంటల వ్రతాన్ని ఇంట్లో మానేసి ఆఫీసులో కొనసాగిస్తున్నారు.

ఇంతవరకూ సలహా ఇవ్వగలను. శనివారం నెపంతో, శాకాహారం నెపంతో, ఆరోగ్యం నెపంతో పిల్ల కంచం చిన్నదవుతుంటే ముచ్చటపడకుండా డాక్టరుకు చెప్పండి. ఆపైన నాకు దారి కనబడదు. మా మామగారికి షుగరు, మా నాన్నకు షుగరు, మావారు సరిహద్దులో ఉన్నారు. ఆసియా వాసులకు తక్కువ బరువుకే ఆ ముప్పు మొదలవుతుందని, ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ అనే కొలత 23 దాటగానే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. టీనేజి పిల్లలతో బరువు గురించి మాట్లాడకండి, డైటింగ్‌ను ప్రోత్సహించకండి, అవి స్థూలకాయానికీ ఆహార రుగ్మతలకూ రెంటికీ దారితీస్తాయి, కుటుంబమంతా కలిసి తినండి అని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో చెప్పింది. రెండూ నిజమే. ఒకే వంటింట్లో, తండ్రికి కొలిచి పెడుతూ కూతురికి కొలవకుండా పెడుతూ, దాని గురించి ఎవరూ నోరెత్తకుండా భోజనం ముగించడం ఎలాగో మాత్రం నాకు చేతకావడం లేదు.

ఇంతలో పదిహేడేళ్ళ మా అబ్బాయి కోడిమాంసాన్ని గ్రాముల్లో తూచుకుని తింటున్నాడు. వాడికి ఆ త్రాసు కొనిచ్చింది మావారే. పద్దెనిమిది నిండనివారికి బరువు తగ్గిస్తామనీ కండలు పెంచుతామనీ చెప్పే మాత్రలనూ పొడులనూ అమ్మరాదని మా న్యూయార్క్ రాష్ట్రంలో 2024 ఏప్రిల్ నుంచి చట్టం అమలవుతోంది, మామూలు ప్రోటీన్ పొడికి మాత్రం మినహాయింపు ఉంది. అందుకే మా అలమరలో దాని డబ్బాలు నిశ్చింతగా పెరుగుతున్నాయి. బంధువులు వాడి భుజాలను మెచ్చుకుంటున్నారు. వచ్చే నెల వాడికీ చెకప్ ఉంది. త్రాసు సంగతి డాక్టరు ముందు చెప్పాలని నేను, ఒళ్ళు వంచి కసరత్తు చేసే పిల్లవాణ్ణి కూడా రోగిని చేయవద్దని మావారు, రోజూ వాదించుకుంటున్నాం.