ప్రాణహితకు ఇటు మేము, అటు వాళ్ళు: వరద కబురు కోసం రెండు రాష్ట్రాల పంచాయతీలు కలిసిన తీరు

పక్క రాష్ట్రంలోని పంచాయతీతో కలిసి పని చేయాలంటే ఎవరికి అర్జీ పెట్టాలి, ఏం రాయాలి అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ముఖ్యంగా నది ఒడ్డు ఊళ్ళవాళ్ళు. మా పని ఎలా సాగిందో అందుకే రాస్తున్నాను.

మాది సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డు ఊరు. జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట అవతలి ఒడ్డు తెలంగాణ, భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలం, అంటే కాళేశ్వరం వైపు. మా ఆవిడ పుట్టిల్లు అక్కడే. నేను గ్రామపంచాయతీ సభ్యుణ్ణి. మా జిల్లా కలెక్టరేట్‌కు వెళ్ళాలంటే ఆలాపల్లి మీదుగా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. వంతెన దాటి భూపాలపల్లికి వెళ్తే అందులో సగం దూరం కూడా ఉండదు. మాకు జ్వరం వచ్చినా, పురుడొచ్చినా, పత్తి గింజలు కావాలన్నా ముందు గుర్తొచ్చేది వంతెనే. కానీ ప్రభుత్వ కాగితం మాత్రం ఆ వంతెన దాటదు.

2022 జూలై వరద గురించి ఈ నది పొడవునా ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఎగువన మా దగ్గర చేలు, ఇళ్ళు నీళ్ళపాలయ్యాయి. నన్ను బాధపెట్టింది నీరు రావడం కాదు, నది అన్నాక వరద వస్తుంది. ఎంత వస్తుందో ముందే తెలిసిన మనుషులు అవతలి ఒడ్డున ఉండి కూడా ఆ మాట మాకు చేరకపోవడమే బాధ.

ఇక్కడ నీటి లెక్క కొంచెం వివరంగా చెప్పాలి. వార్ధా, వైన్‌గంగా కలిస్తే ప్రాణహిత. అందుకే మా జిల్లా హెచ్చరికలన్నీ భండారా జిల్లాలోని గోసీఖుర్ద్ డ్యామ్ చుట్టూ తిరుగుతాయి. దాని 33 గేట్లలో ఎన్ని ఎత్తారో, ఎంత నీరు వదిలారో మాకు తెలుస్తుంది. మా తాలూకాలోనే టేక్రా దగ్గర కేంద్ర జలసంఘం వాళ్ళు నీటిమట్టం కొలుస్తారు. అంతవరకు బాగానే ఉంది. కానీ కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. గోదావరి అప్పటికే నిండుగా ఉంటే మా నది నీరు అందులోకి దిగలేక వెనక్కి ఎగదన్నుతుంది. టేక్రాలో మట్టం మామూలుగా ఉన్నా మా పొలాల్లోకి నీరొస్తుంది. అంటే మాకు గోదావరి కబురు కూడా కావాలి. అది గోదావరి మీద 62 గేట్లున్న ఎల్లంపల్లి ప్రాజెక్టు నుంచి రావాలి, ఎల్లంపల్లి ఉన్నది తెలంగాణలో. కాళేశ్వరం వైపు వాళ్ళ కష్టం సరిగ్గా దీనికి ఎదురు. గోదావరి సంగతి వాళ్ళకు తెలుస్తుంది, ప్రాణహిత మీద ఏం వస్తోందో ఆలస్యంగా తెలుస్తుంది. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. మాకు దారి దొరికింది అందువల్లే.

ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు జరిగాయి. నేను సిరోంచ ఘాట్‌లో వాలంటీరుగా ఉన్నాను. అప్పుడు అవతలి ఊరి పంచాయతీ కార్యదర్శితో పరిచయమైంది. వరద తగ్గాక ఫోన్ చేస్తే, "అన్నా, పైనుంచి ఏం వస్తుందో మీరు చెప్పండి, కింద ఏముందో మేం చెప్తాం" అన్నాడు. మాటగా అంతే. దాన్ని కాగితం మీదికి తేవడానికే అసలు తిప్పలు.

పక్క రాష్ట్రం పంచాయతీకి మనం నేరుగా రాయకూడదు, పైనుంచి రావాలి అని ఒక ఆఫీసులో చెప్పారు. ఇంకో ఆఫీసులో ఇది మా పరిధి కాదన్నారు. పైకి వెళ్ళే కొద్దీ దారి పొడవవుతుంది తప్ప దగ్గరవదు. రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకునే జోనల్ కౌన్సిళ్ళలో కూడా మహారాష్ట్ర పశ్చిమ కౌన్సిల్‌లో ఉంది, తెలంగాణ దక్షిణ కౌన్సిల్‌లో ఉంది. మాకు దిగువన గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ లాంటి పెద్ద విషయమైతే 2016 ఆగస్టు 23న ముంబైలో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. రెండు ఊళ్ళు ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడానికి అంత స్థాయి అవసరం లేదని నా నమ్మకం.

మా గ్రామసేవక్, అంటే మా వైపు పంచాయతీ కార్యదర్శి, అనుభవం ఉన్న మనిషి. దీన్ని ఒప్పందం అనొద్దు, ఒప్పందం అన్నామంటే ఎవరూ సంతకం పెట్టరు అన్నాడు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం స్థానిక సంస్థలకు కూడా బాధ్యతలు ఇచ్చింది కాబట్టి, ఆ చట్టం పేరు రాసి "వరద సమాచార మార్పిడి" అని ఠరావు (తీర్మానం) చేద్దామన్నాడు. 2023 జనవరి 26 గ్రామసభలో మరాఠీలో ఠరావు చేశాం. అవతలి పంచాయతీ తమ గ్రామసభలో అదే విషయాన్ని తెలుగులో తీర్మానం చేసింది. రెండింటినీ జతచేసి ఇటు తహసీల్దార్‌కు, బీడీవోకు, అటు తహసీల్దార్‌కు, ఎంపీడీవోకు ఇచ్చాం. అనుమతి ఇవ్వండి అని అడగలేదు. మేం ఇలా చేస్తున్నాం, తెలియజేస్తున్నాం అని రాశాం. ఈ ఒక్క మాటతో పని సగం తేలికైంది. అభ్యంతరం చెప్పాలంటే ఎవరో ఒకరు కారణం రాయాలి, ఎవరూ రాయలేదు.

తర్వాత కాళేశ్వరం వైపు పంచాయతీ ఆఫీసులో రెండు ఊళ్ళవాళ్ళం కూర్చున్నాం. ఇటునుంచి పోలీస్ పాటిల్ (ఊళ్ళో పోలీసులకు సాయంగా ఉండే మనిషి), కోత్వాల్ (ఊరి రెవెన్యూ సేవకుడు), ఆశా కార్యకర్త వచ్చారు. అటునుంచి సర్పంచ్, కార్యదర్శి, పడవలు నడిపేవాళ్ళు వచ్చారు. ఆ రోజు అందరికన్నా పనికొచ్చే మాట చెప్పింది పడవవాళ్ళే. నీరు మీటర్లలో చెబితే జనానికి ఎక్కదు, ఏ మట్టానికి ఎవరి చేను మునుగుతుందో చెప్పండి అన్నారు. అందుకే 2022లో నీరు ఎంతవరకు వచ్చిందో గుర్తున్న ముసలివాళ్ళను వెంటబెట్టుకుని బడి గోడ మీద, కరెంటు స్తంభాల మీద రంగు గీతలు గీశాం. మొదటి గీతకు పశువులను మెరకకు తోలాలి. రెండో గీతకు నెలలు నిండిన ఆడవాళ్ళను వంతెన దాటించి అటువైపు ఆసుపత్రికి పంపాలి. వాగులు పొంగి ఆలాపల్లి దారి తెగితే మాకు మిగిలేది ఆ వంతెనే. వాళ్ళ పేర్ల జాబితా మా ఆశా కార్యకర్త జూన్‌లోనే అటు ఏఎన్‌ఎంకు ఇస్తుంది. ఈ ఏర్పాటు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే.

గ్రామసేవక్ ఇంకో విషయంలో కూడా పట్టుబట్టాడు. జాబితాలో మనుషుల పేర్లు కాకుండా పదవులు రాయించాడు. దాని విలువ తర్వాత తెలిసింది. 2024 ఫిబ్రవరి మొదట్లో తెలంగాణ సర్పంచుల పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారులు వచ్చారు. మా వైపు జిల్లా పరిషత్‌లో 2022 మార్చి తర్వాత ఎన్నికైనవాళ్ళు లేక అధికారులే నడుపుతూ వచ్చారు. ఇచ్చిన మాటకు కట్టుబడాల్సిన మనుషులే రెండు వైపులా మారిపోతున్నప్పుడు, కాగితం మీద ఉన్న పదవే నిలబడింది. కొత్త ప్రత్యేకాధికారికి కార్యదర్శి పాత తీర్మానం చూపిస్తే, ఆయన కింద తన నంబరు రాసిచ్చాడు.

మధ్యలో ఇంకో మార్పు వచ్చింది. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డలో పిల్లర్లు కుంగాక అక్కడి గేట్లు ఎత్తే ఉంచుతున్నారు. మా కాగితంలో "గేట్లు ఎత్తే ముందు కబురు" అన్న వరుసకు ఇక అర్థం లేదు. దాని బదులు ఎల్లంపల్లి నుంచి వదిలే నీరు, కాళేశ్వరం ఘాట్ దగ్గర మట్టం రాసుకున్నాం. నష్టపరిహారం సంగతి మాత్రం ఈ కాగితంలోకి రానివ్వలేదు. అది రెండు ప్రభుత్వాలు తేల్చాల్సింది. దాన్ని ఇందులో కలిపి ఉంటే ఈ కబురు కూడా ఆగిపోయేది.

ఇప్పుడు సోమనూర్ వైపు ఊళ్ళవాళ్ళు అడుగుతున్నారు. అక్కడ ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది, మూడో రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ కూడా తగులుతుంది. మా ఠరావు నకలు వాళ్ళకు ఇచ్చాను. ముందు బీజాపూర్ జిల్లా వైపు పంచాయతీ సచివ్‌ను (కార్యదర్శిని) కలవమని, ఠరావు మే 1 గ్రామసభలోనే పెట్టుకోమని చెప్పాను. దాన్ని దాటితే తర్వాతి గ్రామసభ ఆగస్టు 15న, అప్పటికి సగం వర్షాకాలం అయిపోతుంది.