ఇంట్లో మిరప మొక్కకు ఎంత కుండీ కావాలి?

మిరప నారును మొదటే పెద్ద కుండీలో నాటితే వేర్లు హాయిగా పరచుకుంటాయని చాలామంది అనుకుంటారు గానీ, ఎండ అంతగా సోకని ఇంటి లోపల ఆ లెక్క తరచుగా తారుమారవుతుంది. లేత వేర్లు ఇంకా చేరుకోని మట్టిలో నీరు రోజుల తరబడి నిలిచి, గాలి ఆడక, వేరుకుళ్లు పట్టే ప్రమాదం ఉంది. అందుకే నేను గింజలను అడుగున రంధ్రం చేసిన టీ కప్పుల్లో మొలకెత్తించి, నాలుగైదు ఆకులు వచ్చాక 4 అంగుళాల కుండీలోకి, దాని రంధ్రాల్లోంచి తెల్లని వేరుకొసలు తొంగిచూసినప్పుడు పెద్ద కుండీలోకి మారుస్తాను.

ఆ పెద్ద కుండీ పచ్చిమిర్చి రకాలకు 10 అంగుళాలు, క్యాప్సికమ్‌కు 12 అంగుళాలు ఉంటే చాలు; లోతు కూడా దాదాపు అంతే ఉండాలి. కిటికీ గట్టు ఇరుకని 6 అంగుళాలతో సరిపెట్టుకునేవారు పొట్టిగా పెరిగే అలంకరణ మిరపను ఎంచుకోవడం మేలు. మామూలు రకమైతే అందులో బతుకుతుంది గానీ, పొద్దున నీళ్లు పోసినా మధ్యాహ్నానికల్లా ఆకులు వాలుస్తుంది, పూత కూడా రాలుస్తుంది. మట్టి కుండీ గోడల గుండా తేమ ఆవిరైపోతుంది కాబట్టి, ఏసీ గదిలో నా ఓటు ప్లాస్టిక్ కుండీకే.